మైల పట్టని చావు

చుక్కీ, నీ చావుకు ఏ శాస్త్రమూ మైల రాయలేదు. పదోరోజు లేదు, పిండం లేదు, ఆఫీసులో పెట్టుకోవడానికి సెలవూ లేదు. పాలవాడు మామూలుగానే వచ్చి గేటు మోగించాడు. కుక్కర్ మామూలుగానే కూత పెట్టింది. ఎదురింటావిడ మాత్రం గోడ దగ్గరకొచ్చి, "పిల్లే కదమ్మా, సందులో బోలెడు కూనలున్నాయి, ఇంకోదాన్ని తెచ్చుకో" అంది. మంచి మనిషే. కానీ నలుగురిలో ఏడవాలంటే వావి కావాలి. వేలు విడిచిన మేనమామ పోయినా పదిమంది వచ్చి కూర్చుంటారు. నువ్వు నాకేమవుతావని చెప్పుకుని ఏడవను?

అమావాస్యను ఒంటికి చుట్టుకుని, నుదుట ఒక్క వెన్నెల బొట్టు పెట్టుకుని వచ్చినదానివి. పచ్చలు పొదిగిన కళ్ళు, పట్టుకుచ్చు తోక, నేలకు నొప్పి తెలియని నడక. నల్లపిల్లి ఎదురొస్తే పని చెడుతుందనే ఊళ్ళో, రోజూ నీ ఎదురు చూసుకునే గడప దాటాను. చెడిన పనేదీ లేదు. సాయంత్రం తాళం తీసే చప్పుడుకి మంచం దిగి, ఒళ్ళు విరుచుకుని, నా కోసం రాలేదన్నట్టు గోడవైపు చూస్తూ వచ్చి, ఆఖరికి చెంప తెచ్చి నా మడమకు రాసేదానివి. అది ముద్దొక్కటే కాదు. మీ చెంపల్లో వాసన గ్రంథులుంటాయి. "ఇది నాది" అని మీరు వేసుకునే రాజముద్ర అది. తలుపు అంచుకీ, బియ్యం డబ్బాకీ, నాన్న పడక్కుర్చీ కోడుకీ, నాకూ ఒకటే ముద్ర. నీ జమాబందీలో మేమంతా నీ మాన్యాలమే.

రాత్రి నా మీదెక్కి కూర్చుని, గోళ్ళు సగం దాచి, కళ్ళు అరమోడ్చి, ముందుకాళ్ళతో పొట్టను మార్చి మార్చి పిసికేదానివి. గొంతులో ఆ గురగుర, సెకనుకు 25 నుంచి 150 సార్లు అదిరే ఆ సన్నని తంబురా, పక్కటెముకల్లోకి దిగి నా దిగుళ్ళన్నిటికీ ఒకే శ్రుతి కట్టేది. పాలు తాగే కూన తల్లి పొదుగును అలాగే పిసుకుతుంది. ఆ "మ్యావ్" సంగతీ అంతే. పెద్దయిన పిల్లులు తమలో తాము ఆ పిలుపు పిలుచుకోవడం చాలా అరుదు. కూనగా తల్లిని పిలిచిన గొంతుతో, ఎదిగాక మనిషిని పిలుస్తాయి. అయితే వావి నువ్వెప్పుడో కలిపేశావన్నమాట. అన్నం పెట్టమనీ, తలుపు తీయమనీ, ఊరికే చూడమనీ పొద్దస్తమానం నన్ను పిలిచింది అమ్మా అనే.

శ్రీవైష్ణవుల్లో తెంగలై వారు మార్జాల కిశోర న్యాయం చెబుతారు. కోతిపిల్ల తల్లిని కరిచి పట్టుకోవాలి. పిల్లికూన ఏమీ చేయనక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని క్షేమమైన చోటికి చేరుస్తుంది. శరణన్నవాడి భారం స్వామిదే. వినడానికి ఎంత చల్లని మాట! ముసలి పిల్లులను తరచుగా కాటేసే మూత్రపిండాల జబ్బు నీకూ వచ్చినప్పుడు, నీళ్ళ గిన్నె మీద తల వంచి, తాగకుండా, ఆ నీళ్ళలో కదిలే ఫ్యాను నీడనే చూస్తూ కూర్చునేదానివి. ఎత్తుకుంటే కూనలాగే ఒళ్ళంతా వదిలేసి చేతుల్లో వేలాడావు. భారమంతా నా మీద వేశావు. నిన్ను నోట కరుచుకుని ఏ చోటికని పోను చుక్కీ? ఏ అటక మీద దాస్తే చావు రాదు? ఆ న్యాయం చెప్పిన పెద్దలు తల్లిపిల్లి వైపు నుంచి ఒక్క మాటైనా చెప్పలేదేమని అడగాలనిపించింది.

ఈజిప్టులో పుట్టినా బాగుండేది. ఇంట్లో పిల్లి పోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గొరిగించుకునేవారని క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలో హెరోడోటస్ రాశాడు. ఎదురింటావిడకు నేనేమీ చెప్పక్కర్లేకపోయేది, నా మొహమే చెప్పేది. (ఆ నేలలోంచే తవ్వితీసిన పిల్లి మమ్మీలను, సుమారు 19 టన్నులు, 1890లో లివర్‌పూల్‌కు ఓడల్లో తెచ్చి పొలాల ఎరువుకు అమ్ముకున్నారు. ఏం చెప్పను, లోకం లోకమే.) అంతకంటే ఎంతో ముందు, సుమారు 9,500 ఏళ్ళ కిందట, సైప్రస్‌లో ఎవరో ఒక మనిషి సమాధికి మూరెడు దూరంలో ఎనిమిది నెలల పిల్లిని పడుకోబెట్టారు. 2004లో ఆ సంగతి లోకానికి తెలిసింది. వాళ్ళిద్దరికీ ఏం వావో ఎవరూ అడిగి ఉండరు.

నిన్ను నా పాత నూలు చీరలో చుట్టి, గోరింట పొద పక్కన, ఉప్పు చల్లి పూడ్చాం. నువ్వున్నన్నాళ్ళూ నిన్ను "దొంగముండ" తప్ప ఇంకో పేరుతో పిలవని అమ్మ, పెరటి గుమ్మంలో నన్నాపి, "నీళ్ళు కాగాయి, తలకు పోసుకుని లోపలికి రా" అంది. ఆమె జుట్టు అప్పటికే తడిసి ఉంది. ఆ పూట మా ఇంట్లో తిరగమోత వేయలేదు.

నిన్న చేపలమ్మి వచ్చింది. గుమ్మంలో బుట్ట దించి, అలవాటుగా రెండు నెత్తళ్ళు పక్కకు తీసి, "ఏదమ్మా నల్లపిల్ల, అలికిడే లేదు?" అంది. చెప్పాను. "అయ్యో, ఎంత పనైపోయిందమ్మా" అంటూ కొంగుతో మొహం తుడుచుకుని మెట్టు మీదే కూలబడింది. ఎప్పటినుంచి బాగాలేదు, డాక్టరేమన్నాడు, ఆఖరి గుక్క నీళ్ళు ఎవరు పోశారు, పోయేటప్పుడు కళ్ళు తెరిచే ఉందా, అన్నీ అడిగింది. బుట్టలో చేపల మీదికి ఎండ పాకుతున్నా లేవలేదు. నేనూ పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పుకొచ్చాను.