అర్థసంకోచమా, ఆదానమా? – ఆంగ్ల పదాల విషయంలో ఒక పరిశీలన

అర్థపరిణామాన్ని వివరించే మన పాఠ్యగ్రంథాలు అర్థసంకోచాన్ని దాదాపు ఒకే తీరున చెబుతాయి. విశాలార్థం గల పదం కాలక్రమంలో పరిమితార్థంలో స్థిరపడితే అది సంకోచం అని నిర్వచనం. దాని కింద ‘చీర’, ‘ఉద్యోగం’, ‘వ్యవసాయం’ వంటి ఉదాహరణలు. ఈ పట్టికలోనే ‘కరెంటు’, ‘గ్లాసు’, ‘షుగర్’ వంటి ఆంగ్ల పదాలను చేర్చడమూ కనిపిస్తుంది. నిర్వచనంతో మాకు పేచీ లేదు. అన్నిటినీ ఒకే గాటన కట్టడంతోనే పేచీ.

ముందుగా ఇంగ్లీషులోనే జరిగిన మార్పును చూద్దాం. ‘మీట్’ అంటే ఒకప్పుడు ఏ ఆహారమైనా సరే. 1611 నాటి ఆంగ్ల బైబిలులో పిండితో చేసే నైవేద్యానికి కూడా ఈ మాటే వాడారు. నేడది మాంసానికి పరిమితం. ‘డీర్’ ఏ జంతువుకైనా చెల్లే పేరుగా ఉండి చివరకు జింకకు మిగిలింది. దాని సోదరపదమైన ‘టీర్’ జర్మన్‌లో నేటికీ జంతువనే అర్థంలోనే ఉంది. ఈ పదాలు వాటంతట అవి కుంచించుకుపోలేదు. ఫ్రెంచి నుంచి ‘బీస్ట్’, ఆ తర్వాత లాటిన్ నుంచి ‘యానిమల్’ వచ్చి విశాలార్థాన్ని ఆక్రమించగా ‘డీర్’ ఒక మూలకు జరిగింది. కొత్తగా వచ్చినవారు నట్టిల్లు తీసుకుంటే పాతవారు పంచకు సర్దుకున్నారన్నమాట.

రెండో కారణం వృత్తి. ఫ్రెంచి పండితుడు మిషెల్ బ్రెయాల్ 1897లో వెలువరించిన శబ్దార్థశాస్త్ర గ్రంథంలో ‘ఆపరేషన్’ అనే మాటను తీసుకొన్నాడు. వైద్యుడు అంటే కోత, సైనికుడు అంటే దండయాత్ర, గణితోపాధ్యాయుడు అంటే కూడికా తీసివేతా గుర్తుకొస్తాయని వివరించాడు. 1906లో ఆంత్వాన్ మెయ్యే ఈ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లి, పదం విశాల సమాజం నుంచి ఒక చిన్న సమూహంలోకి వెళ్లినప్పుడు దాని అర్థం ఇరుకవుతుందని ప్రతిపాదించాడు. ఆ సమూహంలో అందరికీ సందర్భం తెలుసు గనుక విశేషణం అక్కరలేదు. చెప్పని విశేషణమే క్రమంగా పదార్థంలో కలిసిపోతుంది.

ఇప్పుడు తెలుగుకు వద్దాం. ‘కరెంటు’ అంటే మనకు విద్యుత్తు. ఏటి ప్రవాహాన్ని ఎవరూ కరెంటు అనరు. అయితే ఈ పదానికి తెలుగులో మొదట విశాలార్థం ఉండి తర్వాత తగ్గిందా? లేదు. ‘ప్రవాహం’, ‘వరద’, ‘ఒరవడి’ ఉండగా ఆ అర్థంలో దాని అవసరమే రాలేదు. వైరుతోబాటు వచ్చిన ఒక్క అర్థమే మనం తీసుకొన్నాం. ‘గ్లాసు’ కూడా అంతే. గాజు అనే అర్థాన్ని ఇంగ్లీషుకే వదిలి పాత్రను మాత్రం తెచ్చుకొన్నాం. అందుకే ‘స్టీలు గ్లాసు’, ‘ఇత్తడి గ్లాసు’ అనే మాటల్లో మనకు వైరుధ్యం తోచదు. ‘పంచదార’, ‘చక్కెర’ ఇంట్లో ఉండగా ‘షుగర్’ జబ్బుకు పేరైంది. ఇక్కడ ఇంగ్లీషులో జరిగినదానికి తలకిందులుగా జరిగింది: పాతవారు నట్టింట్లోనే ఉన్నారు, వచ్చినవారికి పంచ దక్కింది. దీన్ని సంకోచం అనడం కన్నా పరిమిత ఆదానం అనడం సబబు.

అలాగని తెలుగులో ఆంగ్ల పదాలకు నిజమైన సంకోచం లేదనలేం. ‘ఆపరేషన్’ శస్త్రచికిత్సగా మన భాషలోకి వచ్చింది. కుటుంబ నియంత్రణ ప్రచారం ఊరూరా సాగాక, ‘ఇద్దరు పిల్లల తర్వాత ఆపరేషన్ చేయించుకొంది’ అంటే ఏ ఆపరేషనో అడగనక్కరలేకపోయింది. విశాలార్థమూ, పరిమితార్థమూ రెండూ తెలుగులోనే ఉన్నాయి. మెయ్యే చెప్పిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ భేదం పరీక్షల కోసమే అనుకోరాదు. రాష్ట్రేతరాంధ్ర విద్యార్థికి ఇది తన భాష మీద తనకుండే గౌరవానికి సంబంధించిన విషయం. ఇరుగుపొరుగు భాషల మధ్య పెరిగిన తెలుగును ‘కలగాపులగం’ అని తేలిగ్గా తీసిపారేయడం మనం ఎరిగినదే. అరువుమాట ప్రతిదీ అర్థం చెడిన మాటేనని పాఠం చెబితే ఆ నిందకు శాస్త్రం వత్తాసు పలికినట్లవుతుంది. నిజానికి, ఒక్క భాషలోనే మసలే విద్యార్థికి లేని సదుపాయం మనకుంది. ‘వ్యవసాయం’ తెలుగు, కన్నడ, తమిళాల్లో సేద్యం. మరాఠీ, ఒడియాల్లో వృత్తి, వ్యాపారం. ప్రయత్నం అనే ఒకే సంస్కృతార్థం రెండు దారుల్లో ఎలా చీలిందో పుణేలోనో బరంపురంలోనో చదివే తెలుగు విద్యార్థికి వీధిలోనే తెలుస్తుంది. హోటలు బోర్డు మీది ‘మీల్స్’ చెన్నైలోనూ బెంగళూరులోనూ విజయవాడలోనూ అన్నంతో కూడిన పూర్తి భోజనమే. కాబట్టి దాన్ని తెలుగు సంకోచంగా లెక్కకట్టే ముందు పొరుగు భాషలను విచారించాలి.

కనుక ఏ ఆంగ్ల పదానికైనా మూడు ప్రశ్నలు వేయమని మా సూచన. ఈ అర్థం ఇంగ్లీషులోనే ఇరుకైందా? మనం ఒక్క అర్థాన్నే తెచ్చుకొన్నామా? తెచ్చుకొన్నాక మన మధ్యే ఇరుకైందా? మూడింటికీ జవాబు దొరికాకనే పేరు పెట్టాలి. పేరు ముందు పెట్టి పదాన్ని తర్వాత వెతికే పద్ధతిని మన పాఠ్యగ్రంథాలు ఇకనైనా విడిచిపెట్టాలి.