‘సామర్థ్యం’లో మరుగుపడిన కర్త: నెట్‌వర్క్ పరికరాల వర్ణన - తెలుగు పరిభాష

సాంకేతిక విషయాలను తెలుగులో చెప్పేటప్పుడు ‘కేపబిలిటీ’, ‘కెపాసిటీ’ రెండింటికీ ‘సామర్థ్యం’ అనే మాటే వాడుకలో ఉంది. పాఠశాల విద్యలో ‘కాంపిటెన్సీ’కి కూడా అదే. ఈ ఒక్క నామవాచకం నెట్‌వర్క్ పరికరాల డ్రైవర్లను వర్ణించడానికి సరిపోదని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

బోధన్ ప్రాంత చెరకు రైతుకు ఈ తేడా కొత్తది కాదు. మిల్లు రోజుకు ఎంత చెరకు ఆడగలదన్నది ఒక లెక్క, ఆ సీజనులో ఎంత ఆడిందన్నది మరొక లెక్క. శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ 2015 చివర మూతపడ్డాక మొదటి లెక్క కాగితం మీదనే మిగిలింది. రైతు వాడుకలో ఇవి రెండు క్రియలు. నివేదికల భాషలో మాత్రం ‘సామర్థ్యం’ ఒక్కటే.

ఇక డ్రైవర్ల సంగతి. చిన్న పరికరాల కోసం 2016లో వెలువడిన జెఫిర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈథర్నెట్ డ్రైవర్ తన పరికరం ఏమేమి చేయగలదో ‘గెట్ కేపబిలిటీస్’ అనే ఫంక్షన్ ద్వారా చెబుతుంది. ఒక్కో శక్తికి ఒక్కో బిట్టు. అందిన ప్యాకెట్టు చెక్‌సమ్‌ను హార్డ్‌వేరే సరిచూస్తుందని డ్రైవర్ ప్రకటిస్తే, పై పొరలోని సాఫ్ట్‌వేర్ ఆ పని మానుకుంటుంది. హార్డ్‌వేర్‌లో ఆ సదుపాయం ఉండి కూడా డ్రైవర్ దాన్ని ప్రారంభించి ఉండకపోతే? ఆ పరీక్ష ఇక ఎవరూ చేయరు. ‘చేయగలదు’ అన్న మాటను ‘చేస్తున్నది’గా నమ్మినందువల్ల వచ్చే నష్టం ఇది.

లైనక్స్ కెర్నెల్ ఈ వివేచనను మరింత స్పష్టంగా పాటించింది. ‘ఫీచర్స్’ ప్రస్తుతం అమలులో ఉన్నవి. ‘వాంటెడ్ ఫీచర్స్’ వాడుకరి కోరినవి. ‘హెచ్‌డబ్ల్యు ఫీచర్స్’ వాడుకరి మార్చగలిగినవి. మూడవదాని పేరు మాత్రం తప్పుదోవ పట్టించేదే. పేరులో హార్డ్‌వేర్ ఉంది, అర్థంలో కర్త వాడుకరి. ‘హార్డ్‌వేర్ సామర్థ్యాలు’ అని అనువదిస్తే ఆ పొరపాటు తెలుగులోనూ స్థిరపడుతుంది.

ఇక్కడ తెలుగు క్రియ ఉపకరిస్తుంది. ‘పరికరం లెక్కించగలదు’, ‘వాడుకరి మార్చగలడు’, ‘పరికరం లెక్కిస్తున్నది’ అన్నప్పుడు కర్త, కాలం రెండూ క్రియాంతంలోనే తెలిసిపోతాయి. నామవాచకం ఆ రెండింటినీ మరుగుపరుస్తుంది. కనుక పై మూడింటికి వరుసగా ‘అమలవుతున్నవి’, ‘కోరినవి’, ‘మార్చగలిగినవి’ అనే క్రియాజన్య రూపాలు ‘సామర్థ్యాలు’ కన్నా నయం.

అయితే ‘గల’ రూపం కూడా నిర్దుష్టం కాదు. ప్రాచీన భాషలో అది భవిష్యదర్థాన్నీ చెప్పింది. నేటి కార్యాలయ లేఖల్లో ‘తెలియజేయగలరు’ అంటే శక్తి కాదు, అభ్యర్థన. సాంకేతిక రచనలో ‘పంపగలదు’ అని రాసినప్పుడు అది శక్తో, హామీయో సందర్భాన్ని బట్టి తేలాలి. ఇంతకన్నా చిక్కైనది లైనక్స్‌లోని ఈథ్‌టూల్ చూపే ‘ఫిక్స్‌డ్’ అన్న గుర్తు. దాన్ని ‘మార్చరానిది’ అంటే నిషేధంగానూ వినిపిస్తుంది. నిషేధించినవారు లేరు, మార్చే వీలే లేదు. ‘మార్చ వీలులేనిది’ అనడమే సముచితం, కాస్త పొడవైనా.