మాతృక లేని ప్రతి: దొనకొండ గూడ్సు వ్యాగన్ల నమూనాలు – ప్రామాణ్య విచారణ

గుంటూరు – గుంతకల్లు రైలుమార్గంలో దొనకొండ ఒకనాటి మీటరు గేజి కేంద్రం. ఆవిరి యంత్రాల కాలంలో ఇక్కడ లోకో షెడ్డు, దాన్ని ఆనుకొని రైల్వే కాలనీ ఉండేవి. 19వ శతాబ్ది చివర సదరన్ మరాఠా రైల్వే వేసిన ఈ మార్గం 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేలోనూ, 1951లో దక్షిణ రైల్వేలోనూ భాగమైంది. 1990ల దశకంలో బ్రాడ్ గేజికి మారింది. ఇంజన్లలో కొన్నింటికైనా మ్యూజియంలలో చోటు దొరికింది. గూడ్సు వ్యాగన్లకు ఆ గౌరవం దక్కడం అరుదు, అవి ఎక్కువగా తుక్కు కిందనే పోయాయి. అందువల్ల దొనకొండ మీదుగా నడిచిన మీటరు గేజి వ్యాగనుకు ఎవరైనా నమూనా చేస్తే, దాని తప్పొప్పులు నిర్ణయించడానికి పక్కన పెట్టి చూడదగిన మాతృక దాదాపు లేదు. పాఠపరిష్కరణలో మూలప్రతి నశించిన కావ్యం విషయంలో ఎదురయ్యే చిక్కు వంటిదే ఇది. ఒకరి నమూనాను చూసి మరొకరు చేసుకుంటూ పోతే, లేఖక దోషం ప్రతి నుంచి ప్రతికి పాకినట్లు, మొదటివాడి ఊహ కొన్నాళ్లకు చరిత్రగా చెలామణి అవుతుంది.

నమూనాను చూడగానే ప్రేక్షకుని దృష్టి రంగు మీద, అక్షరాల మీద నిలుస్తుంది. విచారణ మాత్రం చక్రాల నుంచి మొదలుకావాలి. ప్రపంచమంతటా వ్యాప్తిలో ఉన్న హెచ్‌ఓ నిష్పత్తి 1:87. ఆ నమూనాల పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. దీన్ని 87తో గుణిస్తే వచ్చేది 1435 మి.మీ., అంటే ఐరోపా, అమెరికాల ప్రామాణిక గేజి. భారతీయ బ్రాడ్ గేజి 1676 మి.మీ. ఈ నిష్పత్తిలో అది 19.3 మి.మీ. కావాలి. అయినా సౌలభ్యం కోసం భారతీయ వ్యాగన్లను సాధారణంగా 16.5 మి.మీ. పట్టాల మీదే నిలుపుతున్నారు. దాదాపు 3 మి.మీ. తేడాయే కదా అని సరిపెట్టుకోవడం కుదరదు. బొగ్గు మోసే బాక్స్ఎన్ వ్యాగను వెడల్పు 3200 మి.మీ., అంటే గేజికి 1.9 రెట్లు. 16.5 మి.మీ. పట్టాల మీద అదే నమూనా వెడల్పు 2.2 రెట్లు అవుతుంది. పెద్ద శరీరం, ఇరుకు అడుగు అన్నది మీటరు గేజి బండి లక్షణం. ఆ విధంగా పెట్టె కొలతలు ఎంత నిర్దుష్టంగా ఉన్నా, బ్రాడ్ గేజి వ్యాగను మీటరు గేజి నడకను అనుకరిస్తుంది. దొనకొండ వంటి ఊరి రైల్వే చరిత్ర సారాంశమే ఒక గేజి పోయి మరొకటి రావడం కాబట్టి, ఆ భేదాన్ని చెరిపే నమూనాను ఇక్కడి చరిత్రకు సాక్ష్యంగా అంగీకరించలేము. విచిత్రమేమంటే, ఈ విషయంలో నశించిన బండికే ఎక్కువ న్యాయం చేయవచ్చు. మీటరు గేజికి 1:87లో 11.5 మి.మీ. కావాలి, లభించే పట్టా 12 మి.మీ. అర మిల్లీమీటరు తేడాను కన్ను పట్టలేదు.

అన్ని దోషాలనూ ఒకే తక్కెడలో తూచరాదు. పదార్థం వల్ల తప్పనివి కొన్ని, అశ్రద్ధ వల్ల కలిగేవి కొన్ని. బాక్స్ఎన్ పక్క గోడ అయిదారు మిల్లీమీటర్ల ఉక్కు రేకు. నమూనాలో అది 0.06 మి.మీ. దరిదాపులో ఉండాలి. ప్లాస్టిక్ అచ్చులో అంత పలుచన సాధ్యం కాదు. ఒక మిల్లీమీటరు మందం పోసినా, నిజమైన బండికి 87 మి.మీ. మందపు గోడ కట్టినట్లే. మూత ఉన్న వ్యాగనులో ఇది దాగుతుంది, తెరిచిన వ్యాగనులో పై అంచు దగ్గర బయటపడుతుంది. అంచును మాత్రం లోపలివైపు పలుచగా చెక్కిన శిల్పి లోపం ఎరిగినవాడు, చెక్కనివాడు ఎరగనివాడు. పట్టాల మీద నిలవడానికి చక్రపు అంచును కాస్త పెంచడం కూడా క్షమార్హమే.

క్షమించరానివి వేరే ఉన్నాయి. భారతీయ మీటరు గేజి వ్యాగనుకు కొసన మధ్యలో ఒకే బఫరు, దానితోనే కొక్కెం. ఇరుపక్కలా రెండు బఫర్లున్న ఐరోపా వ్యాగను నమూనాకు ఎర్రమట్టి రంగు పూసి, దాని మీద ‘ఎంబీసీ’ అని రాస్తే అది మీటరు గేజి మూత వ్యాగను కాజాలదు. ఆ సంకేతంలోని మొదటి ‘ఎం’ మీటరు గేజికి గుర్తు, కొసనున్న బఫర్లు దాన్ని ఖండిస్తాయి. ఒకే బండి మీద రెండు పాఠాలన్నమాట. అలాగే దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. దాని అక్షరాలు మోసే వ్యాగన్లను 1950ల నాటి స్టేషను దృశ్యంలో నిలిపితే కాలవ్యత్యయ దోషం.

నేటి బ్రాడ్ గేజి వ్యాగన్ల సంఖ్యలో పరీక్ష దానంతట అదే ఉంది. 11 అంకెల్లో మొదటి రెండు వ్యాగను రకాన్ని, తర్వాతి రెండు సొంతదారు రైల్వేను, ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరాన్ని సూచిస్తాయి. చివరిది సరిచూపు అంకె. ఎడమ నుంచి సరిస్థానాల్లోని అంకెల మొత్తాన్ని 3తో గుణించి, బేసి స్థానాల్లోని మొదటి అయిదు అంకెలను కలిపి, పదుల గుణిజం చేరడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. ఉదాహరణకు 2509981234 తీసుకుంటే సరిస్థానాల మొత్తం 28, దాన్ని మూడింతలు చేస్తే 84, బేసి స్థానాలవి 15, మొత్తం 99. కనుక చివర 1 ఉండాలి. ఛందస్సు తెలిసినవాడు గణభంగాన్ని పట్టినంత సులువుగా, ఊరికే అంకెలు పేర్చిన నమూనా ఇక్కడ దొరికిపోతుంది.

రివెట్లు లెక్కించేవారి పట్టుదల మీద పరిహాసం ఎప్పుడూ ఉంది. అది కొంతవరకు న్యాయమే. రివెట్ల సంఖ్య సరిపోయి బోగీల మధ్య దూరం తప్పితే ఆ శ్రమ వ్యర్థం. అయితే మాతృక లేనిచోట వివరాలే ఆధారం. ఒక పాత ఛాయాచిత్రంలో చక్రం వ్యాసం తెలిసినదైతే, అదే తలంలో ఉన్న మిగిలిన కొలతలను దాని నుంచి రాబట్టవచ్చు. కెమెరా పక్కకు వంగి ఉంటే ఆ లెక్క దారి తప్పుతుంది. బ్రౌను ఒకే కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులు సేకరించి, పండితుల చేత సరిపోల్పించిన పద్ధతి ఇక్కడ అనుసరణీయం. ఒక చిత్రం, ఒక తయారీ పటం, ఒక వృద్ధ ఉద్యోగి జ్ఞాపకం విడివిడిగా చాలవు. మూడూ ఏకీభవించిన చోట కొలతను నిశ్చయించవచ్చు. విభేదించిన చోట ఏది స్వీకరించినదీ, ఎందుకు స్వీకరించినదీ నమూనాతోపాటు రాసి ఉంచాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఊహకు ఆస్కారమున్న చోటు వ్యాగను అడుగుభాగం. నాటి ఛాయాచిత్రకారులు ఇంజనును చూసి ఫోటో తీశారు. గూడ్సు పెట్టెలు దాని వెనుక నేపథ్యంగా పడ్డాయి. బ్రేకు సిలిండరు, కడ్డీలు, గొట్టాలు నీడలో మునిగిపోయాయి. అక్కడ శిల్పి పూరించినదాన్ని, పరిష్కర్త తన పూరణను కుండలీకరణాల్లో చూపినట్లు, వేరే రంగులో వదిలిపెట్టడం అందానికి భంగమే కావచ్చు. ప్రదర్శనకు పెట్టేటప్పుడు ఆ రంగు కనిపించదు. బండిని తిరగేసి చూసేవాడికే కనిపిస్తుంది.