పుట తిప్పిన చేతులు

తార్నాకలో బస్సు దిగినవాళ్లకు ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ నడిచి వెళ్లేంత దూరమే. సియాటిల్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు దాన్ని దగ్గర చేసింది మాత్రం స్కానర్ ముందు కూర్చున్న మనిషి.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు, ఉర్దూ పుస్తకాలు తెరిస్తే, చాలావాటిలో ఉస్మానియా లైబ్రరీ చీటీ, కాల్ నంబరు కనిపిస్తాయి. కొన్నింటి మొదట్లోనే ఇంగ్లిష్‌లో ఒక హెచ్చరిక: పుస్తకం తడిసిందనో, బైండింగ్ బిగుతుగా ఉందనో. లోపాన్ని దాచకుండా ముందే చెప్పడం మంచి పనివాడి లక్షణం.

పెళుసుబారిన కాగితాన్ని విరగకుండా విప్పాలి. కుట్టులోకి పోయిన అక్షరాన్ని బయటికి రాబట్టాలి. ఒక్క పుట జారకూడదు. రచయిత పేరు తప్పుగా ఎక్కిస్తే, పుస్తకం ఉండీ లేనట్టే.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి జవాబిచ్చారు. స్కానింగ్ ఆ పనికి కొనసాగింపే. మన దేశ కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. 1953లో కన్నుమూసిన సురవరం బతికుండగా అచ్చయిన రచనలు 2014 నుంచి అందరివీ. చట్టం హక్కు ఇస్తుంది. పుస్తకాన్ని చేతికందించేది ఈ పేరు తెలియని పనివాళ్లే.