దుమ్ము మిషనుకు నాడి చూసే మేస్త్రి

తూకానికి పోబోతున్న పాత వ్యాక్యూమ్ క్లీనర్‌ని పాత ఇనుప సామాన్ల కొట్లో 400 రూపాయలకు కొన్నాను. తిరుగుతుంది గానీ దుమ్ము లాగదు. నరసరావుపేటలో మిక్సీలు, మోటార్లు బాగుచేసే చిన్న కొట్టుకి పట్టుకెళితే, మేస్త్రి స్క్రూడ్రైవర్ జోలికే పోలేదు. గుడ్డ సంచి ఊడదీసి, బయటికెళ్ళి గోడకేసి రెండు దెబ్బలు కొట్టాడు. తెల్లటి పొడి లేచింది.

"పిడుగురాళ్ళ మిషను సార్ ఇది," అన్నాడు.

సున్నపు బట్టీల ఊరు మరి. మిరపకాయల కొట్ల నుంచి వచ్చినవైతే సంచి విప్పకముందే తుమ్ములు చెప్పేస్తాయట.

యురేకా ఫోర్బ్స్ 1982లో మొదలై, ఇంటింటికీ మనుషుల్ని పంపి ఈ మిషన్లను మనవాళ్ళకి అలవాటు చేసింది. తివాచీల ఇళ్ళకైతే సరే. మన నాపరాళ్ళ గచ్చుకి చీపురు, తడిగుడ్డ చాలు. నాలుగు పండగలు గడిచేసరికి మిషను అటకెక్కుతుంది. ఇప్పుడు వీటికోసం వెతికేది ఎక్కువగా కార్లు కడిగేవాళ్ళేనని మేస్త్రి మాట.

మెత్తటి సున్నం, సిమెంటు పొడి సంచి నేత కన్నాలను పూడ్చేస్తాయి. ఇళ్ళలో వాడే చాలా రకాల్లో సంచి దాటొచ్చిన గాలే మోటారును చల్లబరచాలి. ఆ గాలి ఆడకపోతే లోపల వేడెక్కుతుంది. జనం మాత్రం "మోటారు పోయింది" అంటారు. 1907లో అమెరికాలో స్పాంగ్లర్ అనే ఊడ్చే ఉద్యోగి ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఇలాంటి మిషను కట్టుకున్నాడు. అప్పటి గలీబే ఇప్పటి సంచి.

సంచి తీసేశాక మిషను వేసి, గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. మంచి మిషనైతే అప్పుడు మోత సన్నబడి పైకి లేస్తుంది. పాపం మోటారు కష్టపడుతోందనుకుంటాం. నిజానికి తొయ్యడానికి గాలి లేక, బరువు తగ్గి, ఇంకా వేగంగా తిరుగుతుంది. మాదానికి మోత మారలేదు. అంటే గాలి ఇంకెక్కడి నుంచో దూరుతోంది. గొట్టం మడతలో పగులు దొరికింది. సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించాడు. చూడ్డానికి బాగాలేదు గానీ గాలి పోవడం లేదు.

అసలు పనితనం తర్వాత చూశాను. మోటారు విప్పితే కార్బన్లు అరిగి గుల్లయ్యాయి. మిక్సీ మోటారుకి ఇది అన్నదమ్ముడే, కాకపోతే ఇంకా జోరు. కార్బన్లు ఆనుకునే కమ్యూటేటర్ రాగి పలకల మధ్య అభ్రకం ఉంటుంది. రాగి అరిగి అభ్రకం మిగిలితే కార్బన్ దానిమీద ఎగిరెగిరి పడి నిప్పురవ్వలు రాలుస్తుంది. సన్నగా సానబట్టిన హాక్సా బ్లేడు ముక్కతో ఒక్కో గాడినీ గీరాడు. ఆ అరగంటలో తల ఎత్తలేదు, ఫోను మోగినా తియ్యలేదు. తర్వాత కమ్యూటేటర్‌కి ఉప్పుకాగితం గరుకు పైకొచ్చేలా చుట్టి, కొత్త కార్బన్ దానికి ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాడు. తిప్పగా తిప్పగా కార్బన్ కొస ఆ గుండ్రానికి సరిపడా లోతుబడింది. తీసి గోటితో తడిమి, మళ్ళీ పెట్టాడు. ఈ ఒక్క పని ఎగ్గొట్టి కార్బన్లు దూర్చేసి పంపేవాళ్ళ దగ్గర నేను మిక్సీలు పాడుచేసుకున్నాను.

"ఎమెరీ కాగితం వాడరా?" అన్నాను.

"ఆ పొడిలో కరెంటు పారుద్ది సార్. పలకల మధ్య ఇరుక్కుంటే మళ్ళీ మొదటికే వస్తాం."

బేరింగు మార్చి బిగించాక కూడా నేరుగా కరెంటివ్వలేదు. 100 వాట్ల పాత బల్బును సిరీస్‌లో పెట్టి చూశాడు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మోటారు కాలదు. ఎల్‌ఈడీ బల్బులు ఈ పనికి రావు. అందుకే పాతవి నాలుగు గుడ్డలో చుట్టి సొరుగులో దాచుకున్నాడు.

కార్బన్లు, బేరింగు, కూలి కలిపి 450 తీసుకున్నాడు. సంచి ఉతికితే పూర్తిగా ఆరేదాకా తగిలించొద్దని రెండుసార్లు చెప్పాడు. మీ అటక మీదా ఒకటుంటే, తూకానికి వేసేముందు ఆ సంచి ఊడదీసి గోడకేసి కొట్టి చూడండి.