తరగతి ప్రదర్శనలో వ్యంగ్యం: చాసర్ ‘పార్డనర్ కథ’

14వ శతాబ్ది చివర చాసర్ రచించిన ‘కాంటర్‌బరీ కథల’లో ‘పార్డనర్ కథ’ విద్యార్థుల ప్రదర్శనకు సులువుగా ఒదుగుతుంది. మృత్యువును చంపబోయిన ముగ్గురు తాగుబోతులు చెట్టుకింద దొరికిన బంగారం కోసం ఒకరినొకరు చంపుకొంటారు. వేదబ్భ జాతకంలోనూ ఇటువంటి ఇతివృత్తమే ఉంది. అయితే ఈ ముగ్గురినే రంగంమీదికి తెస్తే మిగిలేది నీతికథ మాత్రమే. వ్యంగ్యమంతా కథకునిలో ఉంది. పాపక్షమాపత్రాలు అమ్ముకొనే పార్డనర్ తన ధనాశను ముందే ఒప్పుకొని, ఆ ధనాశనే ఖండిస్తూ ప్రవచనం చేస్తాడు. తన పవిత్రావశేషాలు నకిలీవని చెప్పినవాడే, కథ ముగియగానే వాటికి తోటి యాత్రికులనుండి కానుకలడుగుతాడు. ప్రదర్శనలో ఆ యాత్రికుల స్థానం సహాధ్యాయులది. కథకుడు వారివైపు చేయి చాచినప్పుడే విమర్శ మధ్యయుగ చర్చిని దాటి ప్రేక్షకులను తాకుతుంది. కనుక కథకుణ్ణి వేదికపై నిలపడం అలంకారం కాదు, అదే పాఠావగాహనకు గీటురాయి.