బోనెక్కిన పాఠ్యపుస్తకం

తొమ్మిదో తరగతికి రాజ్యాంగం చెప్పేటప్పుడు బోర్డు మీద మూడు గడులు గీయడం మానేశాను. శాసనసభ చట్టం చేస్తుంది, ప్రభుత్వం అమలు చేస్తుంది, కోర్టు తీర్పు చెబుతుంది... ఇది పిల్లలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. మంత్రి ఏ గడిలో ఉంటాడని అడిగితే మాత్రం తరగతి రెండుగా చీలిపోతుంది. శాసనసభలో ఓటేసేదీ ఆయనే, సచివాలయంలో ఫైలు మీద సంతకం పెట్టేదీ ఆయనే. మన దగ్గర గీతలు అమెరికాలో ఉన్నంత గట్టివి కావు.

అందుకే ముందు సోషల్ పుస్తకం అట్ట మీద 'ఉచిత పంపిణీ' అన్న మాట చదివించి ఒక ప్రశ్న వేస్తాను: సర్కారు పాఠ్యపుస్తకాలు అచ్చేయొచ్చని ఏ చట్టంలో ఉంది?

సరిగ్గా ఈ తగాదాయే 1955లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. రాం జవాయా కపూర్ కేసు. పంజాబ్‌లో అంతకుముందు ప్రైవేటు ప్రచురణకర్తలు పుస్తకాలు వేసేవారు. విద్యాశాఖ ఆమోదించినవాటిలో నచ్చినవి హెడ్మాస్టర్లు ఎంచుకునేవారు. 1950లో కొన్ని సబ్జెక్టుల పుస్తకాలు ప్రభుత్వమే వేయడం మొదలుపెట్టింది. 1952కల్లా ప్రచురణకర్తలను పక్కనపెట్టి రచయితలనే పిలిచింది. కాపీరైటు మాకు రాసివ్వండి, అమ్మకం ధర మీద 5 శాతం రాయల్టీ ఇస్తామంది. అంతా నోటిఫికేషన్లతోనే నడిచింది, చట్టమంటూ ఏదీ చేయలేదు. వ్యాపారం దెబ్బతిన్నవాళ్లు కోర్టుకెక్కారు.

కథ ఇక్కడ ఆపి వాదించమంటాను. తీర్పు ఆ రోజు చెప్పను. నాన్నకు స్టేషనరీ కొట్టున్న కుర్రాడొకడు "చట్టం లేకుండా నోటికాడి కూడు లాక్కుంటారా సార్?" అని లేచాడు. "ప్రతి పుస్తకానికీ అసెంబ్లీ కూర్చోవాలా? జూన్‌లో రావాల్సినవి సంక్రాంతికొస్తాయి" అని వెనక బెంచీ. చేతులెత్తమంటే ఎక్కువ ఓట్లు ప్రచురణకర్తలకే పడ్డాయి.

ఓడిపోయింది మాత్రం వాళ్లే. ప్రధాన న్యాయమూర్తి బి.కె. ముఖర్జియా తీర్పు ప్రకారం శాసన, న్యాయ పనులు తీసేయగా మిగిలేదే స్థూలంగా కార్యనిర్వాహక అధికారం. ప్రతి పనికీ ముందే ఒక చట్టం ఉండి తీరాలని లేదు. పుస్తకాలకయ్యే ఖర్చును శాసనసభ బడ్జెట్‌లో ఆమోదించింది. తన పుస్తకాన్నే పాఠ్యపుస్తకంగా పెట్టాలని అడిగే హక్కు ఏ ప్రచురణకర్తకూ లేదు. ఎవరి హక్కులోనైనా ప్రభుత్వం చెయ్యి పెట్టాలంటే మాత్రం చట్టం ఉండాల్సిందే.

స్టేషనరీ కొట్టు కుర్రాడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలని నేనూ పట్టుబట్టను. ఏ పనికి ఎవరు ఎవరి అనుమతి తీసుకోవాలి, డబ్బు ఎవరు మంజూరు చేయాలి అని వెతకడం వాడికి అలవాటైంది. నాకు కావలసింది అదే.

ఆ గడుల మధ్య గీత చెరిగిన 1975 సంగతి మాత్రం కొంచెం వేగంగానే చెబుతాను. జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదంది. ఆగస్టులో 39వ సవరణ తెచ్చి, ఆ తీర్పుకు విలువే లేదని రాజ్యాంగంలోనే రాసేశారు. అంటే కోర్టులో నడుస్తున్న వ్యాజ్యానికి పార్లమెంటే తీర్పు చెప్పేసిందన్నమాట. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అదే రోజు, మారిన ఎన్నికల చట్టం ప్రకారం ఆమె ఎన్నికను నిలబెట్టింది కూడా. "మరి గెలిచిందెవరు సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. పెద్దవాళ్లే ఇంకా తేల్చుకోలేదు.

ఈసారి ముందు వరసలో కూర్చునే అమ్మాయి మళ్లీ పుస్తకాల కేసు దగ్గరికే వచ్చింది. "ఖర్చుకు అసెంబ్లీ ఒప్పుకుంది కాబట్టి సరిపోయిందన్నారు కదా, అక్కడ చర్చ లేకుండానే ఒప్పేసుకుంటే?" చర్చకు ఇచ్చిన గడువు ముగిసే రోజున మిగిలిపోయిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఓటుకు పెట్టేస్తారని, దాన్ని గిలటిన్ అంటారని చెప్పాను. మర్నాటి పీరియడ్ మొత్తం ఆ గొడవకే సరిపోయింది. సిలబస్ ఎందుకు వెనకబడిందని హెడ్మాస్టరు గారు అడిగితే ఆయనకూ గిలటిన్ గురించే చెప్పాల్సి వచ్చింది.